వర్తక శ్రేణుల చావళ్ళు

పెండ్లి ముహూర్తము నిశ్చయమైన ఇంట మొదట వినవచ్చు ప్రశ్న పట్టుచీరలను గూర్చి కాదు, విందును గూర్చియు కాదు. "మండపము దొరికినదా?" అని అందరును అడుగుదురు. ఇంటి పెద్ద ఉత్తరీయము భుజముపై వైచుకొని బయలుదేరును. సత్రపు గుమాస్తా లావుపాటి పుస్తకము తెరచి, ఆ తేదీ ఖాళీగా ఉన్నదో లేదో చూచి, బయానా పుచ్చుకొని, షరతులు ఏకరువు పెట్టును. గోడలకు మేకులు కొట్టరాదు. పొయ్యిలు వంటశాలలోనే వెలిగింపవలెను. రాత్రి ఇంత గంటకు మేళము ఆపవలెను. విరిగిన సామానుకు వెల కట్టవలెను. ఇది మన ఊళ్ళలో ప్రతి కుటుంబమునకును అనుభవమే. ఆ మండపములలో అనేకములు వర్తకులు తమవారి సౌకర్యమునకై, వాసవీ కన్యకాపరమేశ్వరి పేరనో, మరియొక ఇలవేలుపు పేరనో కట్టించినవి. తరువాత అవి ఊరందరికిని అక్కరకు వచ్చినవి.

సరిగా ఇట్టి సంభాషణమే ఇంగ్లండు దేశమున యార్కు నగరములో, ఆరున్నర శతాబ్దుల వెనుక కట్టిన ఒక వర్తకుల చావడిలో నేటికిని జరుగుచున్నది. పెండ్లికి కావలెనన్న వధూవరులు, సమావేశమునకు కావలెనన్న సంస్థలు, విందునకు కావలెనన్న సంఘములు అచటికి పోయి తేదీ అడుగుదురు. అచటను పుస్తకము ఉండును, బయానా ఉండును, షరతులు ఉండును. ఒక పురాతన మందిరము అద్దెకు దొరకుట వినుటకు చిన్న విషయము. కాని ఆ అద్దె వెనుక ఉన్న చరిత్ర చిన్నది కాదు. అందులో మన తెలుగు తీరమునకును కొంత భాగమున్నది.

ఒకే వృత్తిని అవలంబించినవారు సంఘముగా కూడుట మనకు కొత్తది కాదు. మన ప్రాచీనులు దానిని శ్రేణి అనిరి. నాసిక గుహాశాసనములలో నహపాన క్షత్రపుని అల్లుడైన ఉషవదాతుడు గోవర్ధనమునందలి సాలెవారి శ్రేణులయొద్ద ధనము నిలువయుంచిన సంగతి చెక్కబడియున్నది. ఒక శ్రేణియొద్ద 2000 కార్షాపణములు నెలకు నూటికి ఒకటి చొప్పున, మరియొకదానియొద్ద 1000 కార్షాపణములు నెలకు నూటికి ముప్పాతిక చొప్పున వడ్డీకి ఉంచెను. ఆ వడ్డీ భిక్షువుల వస్త్రాదులకు వినియోగము కావలెను. అనగా నేత పనివారి సంఘము ఆనాడు బ్యాంకు పనియు చేసెను. మన భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండరు రే త్రవ్వకములలో బయల్పడిన ధాతుకరండములపై 'నెగమ', 'గోఠి' అను మాటలున్నవి. నిగమమనగా వర్తక సంఘము. గోష్ఠి యనగా కూటము. సభ్యుల పేర్లును వరుసగా చెక్కించిరి.

అయితే ఆ నిగమమువారు ఏ కప్పుక్రింద కూర్చుండి ఆలోచించిరో చూపుటకు ఒక్క స్తంభమైనను మనకు మిగులలేదు. పేర్లు మిగిలినవి, చావడి మిగులలేదు. యార్కు నగరములో చావడియు మిగిలినది, లెక్కల పుస్తకములును మిగిలినవి, సంఘమును మిగిలినది. ఈ మూడును ఒకచోట నిలుచుట యూరోపు ఖండమునందే అరుదు.

యార్కు నగరము ఇంగ్లండు ఉత్తరభాగమున ఊజు, ఫాసు అను రెండు నదుల సంగమమున ఉన్నది. 1348-49 సంవత్సరములలో మహామారి ఆ దేశమును ఊడ్చిపెట్టినది. ఇండ్లు పాడుపడినవి, పొలములు బీడుపడినవి. ఆ విపత్తు గడచి పట్టుమని పదియేండ్లు కాకమునుపే, 1357లో ఆ నగరమందలి కొందరు గృహస్థులు మూడవ ఎడ్వర్డు రాజు అనుమతి పొంది, యేసుక్రీస్తు పేరను, ఆయన తల్లి మరియమ్మ పేరను ఒక భక్తిసంఘము స్థాపించిరి. ఆ ఏడే ఫాసు నది ఒడ్డున తమకు చావడి కట్టుట ఆరంభించిరి. 1361 నాటికి ప్రధాన నిర్మాణము ముగిసెను. మృత్యువును కన్నులార చూచినవారు కట్టిన ఇల్లది. కనుకనే అందులో వర్తకమునకు ఎంత చోటు ఇచ్చిరో, ప్రార్థనకును రోగులకును అంత చోటు ఇచ్చిరి.

ఆ భవనపు అమరిక చెప్పదగినది. పై అంతస్తున విశాలమైన సభాశాల. అది దూలములతో, వాసములతో కట్టిన దారుమయ నిర్మాణము. కావలసిన వెడల్పునకు ఒకే దూలము చాలదు గనుక, నడుమ స్తంభముల వరుస నిలిపి, రెండు కప్పులను ప్రక్కప్రక్కన దింపిరి. లోన నిలిచి పైకి చూచినచో బోర్లించిన రెండు ఓడల కడుపులవలె ఆ వాసములు కనబడును. సముద్రవ్యాపారుల ఇంటికి అది తగిన పోలికయే. క్రింది అంతస్తు రాతితోను ఇటుకతోను కట్టినది. అది బీదలకు, వృద్ధులకు ఆశ్రయమిచ్చు వైద్యశాల. దానికి చేర్చి ఒక ప్రార్థనామందిరము. వర్తకులు పైన సరకుల ధరలు చర్చించుకొనుచుండగా, వారి కాళ్ళక్రింద నగరములోని నిరుపేదలు మంచములపై పరుండి ఉండెడివారు. ఈ అమరిక యాదృచ్ఛికము కాదు. లాభమునకు క్రింద ధర్మము పునాదిగా ఉండవలెనని ఆ కాలపువారి తలంపు. ఆ ఆశ్రయము 1900 సంవత్సరము వరకు నడచెను.

1430లో ఆరవ హెన్రీ రాజు ఈ వర్తకులకు సన్నదు ఇచ్చెను. అప్పటినుండి వారు యార్కు వస్త్రవర్తకుల సంఘమైరి. 1581లో ఎలిజబెతు రాణి ఇచ్చిన సన్నదుతో వారికి 'మర్చెంటు అడ్వెంచరర్సు' అను పేరు స్థిరపడెను. అడ్వెంచరరు అనగా ఊరక సాహసకృత్యములు చేయువాడు కాదు. తన మూలధనమును ఓడకెక్కించి, అది మరలి వచ్చునో రాదో తెలియకయే సముద్రముపై పణముగా ఒడ్డువాడు. మన ప్రాచీన కథలలోని సార్థవాహుల వంటివారే వీరు. ఉన్నిబట్టలు నెదర్లాండ్సు రేవులకును, బాల్టికు సముద్రతీరమునకును పంపి, అచటి సరకులు తెచ్చుకొనెడివారు.

ఆ చావడిలో ఏమి జరిగెడిది? అధ్యక్షుని ఎన్నిక జరిగెడిది. దొంగతూకము తూచినవానికి జరిమానా పడెడిది. పనినేర్చు కుర్రవాని ఒప్పందము వ్రాయబడెడిది. ఓడ మునిగి చితికిపోయిన సభ్యునికి సహాయము అందెడిది. చనిపోయినవారి ఆత్మశాంతికి ప్రార్థనలు జరిగెడివి. సంవత్సరమునకొకమారు గొప్ప విందు. 1474-75లో మేరియన్ కెంటు అను విధవరాలు ఈ సంఘపు ఆలోచనసభలో సభ్యురాలుగా ఉండినట్లు లెక్కలు చెప్పుచున్నవి. ఆమె భర్త వర్తకుడు. అతని వ్యాపారమును ఆమె తానే సాగించెను. ఆ కాలమున అట్టి పీఠమున స్త్రీ కూర్చుండుట మిక్కిలి అరుదు.

ఈ వర్తకులు నాటకములను కూడ ఆడించిరి. యార్కు నగరమున ఏటేట ఒక పర్వదినమున సృష్ట్యాదినుండి ప్రళయము వరకు గల కథను వృత్తిసంఘములు తలకొక ఘట్టముగా పంచుకొని, బండ్లపై వీధివీధిని ప్రదర్శించెడివి. కడపటి ఘట్టమైన తీర్పుదినము ఈ వర్తకులకు వచ్చినది. దానికి కావలసిన బండి, వేషములు, దేవదూతల రెక్కలు, ముఖములు మొదలగువాని జాబితా 1433లో వ్రాయించినది నేటికిని తెలియవచ్చుచున్నది. తక్కెడ పట్టి బ్రతుకువారికి పాపపుణ్యముల తూకము చూపు ఘట్టము దక్కుట ఎంత ఉచితము! ఆ ప్రదర్శనలు 1569తో ఆగిపోయి, 1951లో మరల ప్రారంభమైనవి.

ఇక చావడిని పరులకిచ్చు ఆచారము ఎట్లు పుట్టినదో చూతము. అది లండను నగరమున స్పష్టముగా కానవచ్చును. అచట వస్త్రవర్తకులు, పచారీ వర్తకులు, స్వర్ణకారులు, కంచుపనివారు, పుస్తక విక్రేతలు, పీపాలు కట్టువారు, ఇట్లు ప్రతివృత్తికిని ఒక సంఘము, చాలవానికి ఒక్కొక్క చావడి ఉండెడిది. స్వర్ణకారుల చావడిని గూర్చి మన ఆడువారికి తెలియకయే తెలియును. 1478లో లండను స్వర్ణకారుల సంఘము తమ చావడియందే ఒక పరీక్షకుని నియమించెను. వెండిబంగారు పాత్రలను ఆ చావడికి తెచ్చి, పరీక్షింపించి, ముద్ర వేయించుకొనవలెను. హాలులో వేసిన మార్కు గనుక అది హాల్‌మార్కు అయినది. నేడు మనము నగలకొట్టులో అద్దము పెట్టి వెదకు ఆ చిన్ని ముద్ర పేరులో ఐదువందల యేండ్ల వెనుకటి ఒక చావడి దాగియున్నది.

1666లో లండను నగరము నాలుగు దినములు తగులబడినది. ఆ అగ్నిలో 44 సంఘముల చావళ్ళు బుగ్గియైనవి. మరల కట్టుటకు సొమ్ము కావలెను. సభ్యుల చందాలు చాలవు. అంతకుమునుపే వృత్తులపై ఈ సంఘముల పట్టు సడలుచుండెను. వ్యాపారము నగరపు గోడలు దాటి పోయినది. ఏడాదికి కొన్ని దినములు మాత్రమే తామే కూడుకొను విశాలమైన శాల తక్కిన దినములలో తాళము వేసికొని ఊరకుండుట ఎందులకు? ఇట్లు అద్దె పూర్వముకంటె ముఖ్యమైన ఆదాయమైనది.

ఎవరెవరికి అద్దెకిచ్చిరి? మొదట, మతమువారికి. ప్రభుత్వపు మతమునకు లోబడక వేరుగా ప్రార్థనచేసికొనువారికి ఆ నాడు గుడి దొరకుట దుర్లభము. అట్టివారు చావళ్ళను అద్దెకు తీసికొనిరి. 1672లో ప్రారంభమైన ప్రసిద్ధ ధర్మోపన్యాసములు గుండుసూదులు చేయువారి చావడియైన పిన్నర్సు హాలులో జరిగినవి. కట్టినవారు తలంపని వినియోగమిది. గుండుసూదుల సంఘము చావడి మతస్వాతంత్ర్యమునకు నీడ ఇచ్చినది.

రెండవది, సంగీతమునకు. రేడియో వినువారికి ఈ సంగతి ప్రియమగును. సంగీతమునకు అధిదేవతగా క్రైస్తవులు భావించు సెసీలియా పుణ్యవతి పర్వము నవంబరు 22వ తేది. ఆ దినమున లండనులోని సంగీతప్రియులు కూడి, పుస్తక విక్రేతల చావడియైన స్టేషనర్సు హాలులో కచేరీ చేయించెడివారు. 1692లో హెన్రీ పర్సెలు ఆ పర్వమునకై కట్టిన గొప్ప గేయప్రబంధము అచటనే మొదట వినవచ్చెను. 1697లో డ్రైడెను మహాకవి వ్రాసిన గీతమును అచటనే పాడిరి. టిక్కెట్టు కొని వినెడి సంగీతసభలు ఇంకను శైశవమున ఉన్న దినములవి. వాద్యకారులకు తమదంటూ శాల లేదు. పుస్తకములమ్మువారి శాలయే వారికి శాల. రాజుల కొలువును, గుడిని దాటి పౌరుల నడుమకు సంగీతము వచ్చిన మార్గములలో ఈ అద్దె చావడి యొకటి.

మూడవది, ధనమునకు. 1694లో ఇంగ్లండు బ్యాంకు పుట్టినది. లోకమంతయు పేరెరిగిన ఆ బ్యాంకుకు పుట్టిననాడు సొంత గూడు లేదు. మొదట వస్త్రవర్తకుల చావడియైన మర్సర్సు హాలులో పని ప్రారంభించి, కొలదినెలలలోనే పచారీ వర్తకుల చావడియైన గ్రోసర్సు హాలునకు మారెను. 1734 వరకు, అనగా నలువది సంవత్సరములు, అద్దె యింటనే కాపురము. రాజులకు అప్పులిచ్చిన బ్యాంకు తాను మిరియాలవర్తకుల ఇంట అద్దెకుండినది. లాటరీలకును ఈ చావళ్ళే దిక్కు. ఇంగ్లండు ప్రభుత్వపు లాటరీలలో పాతకాలపు కడపటి చీటీ 1826 అక్టోబరు 18న పీపాలు కట్టువారి చావడియైన కూపర్సు హాలులో తీసిరి.

ఇంతవరకు చెప్పినది ఇంగ్లండు వారి ముచ్చట. ఇక మనకు సంబంధించినది.

1599 సెప్టెంబరు నెలలో లండనులోని కొందరు వర్తకులు ఒక ఆలోచనకై కూడిరి. మిరియాలు, జాజికాయలు మొదలగు సుగంధద్రవ్యముల వ్యాపారము డచ్చివారి చేతిలో పడినది. తామును తూర్పుదేశములకు ఓడలు పంపవలెనని వారి కోరిక. చందాల జాబితాలో నూరుగురికి పైబడి పేర్లు పడినవి. వాగ్దానమైన మొత్తము ముప్పదివేల పౌనులు దాటెను. ఈ వర్తకులలో అన్నివృత్తులవారు ఉన్నారు. వారికి ఉమ్మడిగా ఇల్లు లేదు. కనుక కంచు, ఇత్తడి పోతపోయువారి చావడియైన ఫౌండర్సు హాలులో కూడిరి. చెంబులు, కొవ్వొత్తి కుదుళ్ళు, తూకపురాళ్ళు పోతపోయు వృత్తివారి కప్పుక్రింద, ఒక సెప్టెంబరు దినమున, వారు కూర్చుండి నిర్వాహకులను ఎన్నుకొనిరి. పదునైదు నెలలు గడచి 1600 డిసెంబరు 31న ఎలిజబెతు రాణి వారికి సన్నదు ఇచ్చెను. అదే ఈస్టిండియా కంపెనీ.

మరి పదునొకండేండ్లకు, 1611లో, ఆ కంపెనీవారి గ్లోబు అను ఓడ మన మచిలీపట్నమునకు వచ్చెను. తెలుగుతీరమున ఆంగ్లేయుల వర్తకస్థానము అట్లు మొదలైనది. కలంకారీ వస్త్రములకొరకు, నూలుబట్టలకొరకు వారు మన నేతగాండ్రకు బయానాలు ఇచ్చిరి. తదుపరి కథ ఎల్లరును ఎరిగినదే. మచిలీపట్నమునుండి మద్రాసునకు, మద్రాసునుండి సర్కారులకు వారి చేయి చాచుకొనినది. వ్యాపారము రాజ్యమైనది. బయానా పుచ్చుకొన్న సాలెవాడు క్రమముగా బయానాకు బందీ అయినాడు.

ఆ కంపెనీ కట్టుబాటును చూడుడు. గవర్నరు, డెప్యూటి గవర్నరు, ఆలోచనసభ, సభ్యుల ప్రమాణము, జరిమానాలు, విందులు: ఇవన్నియు పాత వర్తకశ్రేణుల పద్ధతులే. యార్కువారి చావడిలో నేటికిని సంఘాధ్యక్షుని గవర్నరు అనియే పిలుతురు. మద్రాసు గవర్నరు అను బిరుదు వినినపుడు మన తాతలకు తుపాకులు, పతాకములు జ్ఞప్తికి వచ్చెడివి. ఆ మాట మూలము ఒక వర్తకశ్రేణి చావడిలో కుర్చీయని వారెరుగరు.

పదునేడవ శతాబ్ది చివర మరియొక ముచ్చట జరిగినది. 1698లో పాత కంపెనీకి పోటీగా లండనులో కొత్త ఈస్టిండియా కంపెనీ యొకటి లేచినది. అదియు తన కచేరికి ఒక వృత్తిసంఘపు చావడినే, తోలువర్తకులదైన స్కిన్నర్సు హాలునే ఆశ్రయించినది. ఆ కొత్త కంపెనీ 1699లో జాన్ పిట్టు అను వానిని మచిలీపట్నమునకు అధిపతిగా పంపెను. పాత కంపెనీ పక్షమున మద్రాసులో ఉన్నవాడు అతని బంధువే, థామసు పిట్టు. ఇద్దరును ఒకే రాజు ప్రజలు, ఒకే ఇంటిపేరువారు. అయినను ఈ తీరమున ఒకరినొకరు కాదనుకొని కలహించిరి. చివరకు రెండు కంపెనీలును ఏకమైనవి. లండనులో రెండు చావళ్ళ నడుమ పుట్టిన పోటీ మన సముద్రపుటొడ్డున ఇట్లు పొగవేసినది.

ఇందువలన ఒకటి తెలియుచున్నది. చావడి తనలో కూడువారి పుణ్యపాపములను ఎరుగదు. ఒకనాడు సంగీతము వినును, ఒకనాడు ప్రార్థన వినును, ఒకనాడు దూరదేశపు సాలెవాని భవితవ్యము నిర్ణయించు లెక్క వినును. అద్దె చెల్లించినవానికి తలుపు తీయును. కంచుపనివారు ఆ సెప్టెంబరు దినమున తమ కప్పుక్రింద ఏమి పుట్టుచున్నదో ఊహించియుండరు.

మరల యార్కు నగరమునకు పోదము. 1835లో ఇంగ్లండు నగరపాలనమును సంస్కరించిన చట్టము వృత్తిసంఘముల వర్తకపు గుత్తహక్కులను రద్దుచేసినది. ఎవరైనను ఎచటనైనను అంగడి తెరువవచ్చును. అంతతో ఆ సంఘములకు పని లేకపోయినది. అనేకములు అంతరించినవి. చావళ్ళు కొన్ని గిడ్డంగులైనవి, కొన్ని కూలిపోయినవి. ఫాసు ఒడ్డున చావడికి మాత్రము సంఘము తన చేయి విడువలేదు. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున మాడ్ సెల్లర్సు అను విదుషీమణి ఆ సంఘపు పాత పత్రములను పెట్టెలనుండి తీసి, చదివి, 1918లో గ్రంథముగా ప్రకటించెను. భవనపు జీర్ణోద్ధరణకును ఆమెయే పూనుకొనెను. పుస్తకములోని పేర్లను గోడలతో కలిపి చదువగలిగిన ఆ ఒక్క స్త్రీ పట్టుదల లేకున్నచో ఆ చావడికి నేటి రూపము దక్కెడిది కాదేమో.

1942 ఏప్రిలు 29వ తేది తెల్లవారుజామున జర్మను విమానములు యార్కుపై బాంబులు కురిపించినవి. నగరపు గిల్డ్‌హాలు, అనగా నగరసభవారి పదునైదవ శతాబ్దపు మహాశాల, కాలిపోయినది. దానిని పాత పోలికనే మరల కట్టి 1960లో తెరచిరి. లండనులో వస్త్రవర్తకుల మర్సర్సు హాలు 1941లో నేలమట్టమై, 1958లో మరల లేచినది. ఫాసు ఒడ్డున దారుమయ చావడి మాత్రము, ఒక్క నిప్పురవ్వకు ఆహుతికాదగినది, నిలిచినది. దానికి నిప్పుకంటె నీరే తరచుగా శత్రువు. నది పొంగినపుడు క్రింది అంతస్తులోనికి వరదనీరు ప్రవేశించుట అచటివారికి పరిపాటి.

అట్టి ఇంటిని నిలుపుటకు ఏమి కావలెనో గృహస్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. మన పెంకుటింటికి ఏడాదికొకమారు పెంకులు సర్దించుటయే తలకు మించిన పని. ఆరువందల యేండ్ల దూలమునకు చెద పట్టినదో, తేమ పట్టినదో పరీక్షింపవలెను. పాతపద్ధతి నెరిగిన వడ్రంగులను వెదకవలెను. విద్యుత్తు తీగలు, వెచ్చదనపు ఏర్పాట్లు, అగ్నిభయమునుండి రక్షణ, ఇవన్నియు పాత కట్టడమును గాయపరుపకుండ అమర్పవలెను. చూడవచ్చువారి ప్రవేశరుసుము ఒక్కటే చాలదు. కనుక పెండ్లిండ్లకు, సమావేశములకు, విందులకు అద్దెకిత్తురు. లండనులో నేడు నూటికి పైబడిన వృత్తిసంఘములలో సొంత చావడి గలవి నలువదికి అటునిటు మాత్రమే. చావడిలేని సంఘములే చావడిగల సంఘములయొద్ద అద్దెకు తీసికొని తమ వార్షిక విందు జరుపుకొనుచున్నవి.

అద్దెకు ఇచ్చునపుడు ఇట్టి మందిరములవారు సాధారణముగా పెట్టు షరతులు మన సత్రపు షరతులకు దూరము కావు. వెలుగుచున్న దీపములకు, బాణసంచాకు అనుమతి ఉండదు, లేదా మిక్కిలి కట్టుదిట్టము ఉండును. అలంకారములను కొయ్యకు మేకులతో కొట్టరాదు, జిగురుతో అంటింపరాదు. వంటవారు మందిరమువారు ఒప్పుకొన్న జాబితాలోనివారే కావలెను. ఎందరు కూర్చుండవచ్చునో, ఎందరు నిలువవచ్చునో లెక్క ముందుగనే చెప్పుదురు; నేల భరింపగల బరువును, ఆపదవేళ వెలికిపోవు దారులను చూచి ఆ లెక్క కట్టుదురు. అద్దె పుచ్చుకొనువాడు ఇచట వట్టి చోటుకు వెల ఇచ్చుటలేదు. తాను పోయిన తరువాతను ఆ చోటు నిలిచియుండుటకు వెల ఇచ్చుచున్నాడు.

ఇందులో విచారింపదగిన చిక్కు ఒకటి కలదు. పురాతన మందిరమును అద్దెకిచ్చుట దానిని చులకనచేయుటయే యని కొందరందురు. గాజుపాత్రల గలగలలలో చరిత్ర వినబడదని వారి బాధ. ఆ బాధ నిరాధారము కాదు. ఆరువందల యేండ్ల నేలపై ప్రతి విందు కొంత అరుగుదలను మిగిల్చిపోవును. అంతకంటె పెద్ద అనుమానము మరియొకటి. యార్కు చావడి క్రింది అంతస్తున ఒకప్పుడు దిక్కులేనివారు పరుండిరి. నేడచట అతిథులు పానీయములు గ్రోలుచు మాటలాడుకొందురు. డబ్బు చెల్లింపగలవానికి తెరచుకొను తలుపు, ఒకనాడు డబ్బు లేనివానికి తెరచిన తలుపే. ఈ మార్పును చూచి మనసు కలుక్కుమనదా?

కాని రెండవవైపును చూడవలెను. ఆ చావడి తలుపు పూర్వము అందరికిని తెరచుకొనలేదు. సభ్యుడు కావలెను, నగరపు పౌరహక్కు ఉండవలెను, సొమ్ము కట్టి ప్రమాణము చేయవలెను. పరదేశికి, పరవృత్తివానికి అది మూసిన తలుపే. 1581 నాటి సన్నదు సారాంశమే ఇతరులను వెలుపల నిలుపుట. నేడు వచ్చువానిని నీ వృత్తి యేమి, నీ తండ్రి యెవరు, నీ మతమేమి అని ఆ చావడి అడుగదు. తేదీ ఖాళీగా ఉన్నదా, షరతులకు ఒప్పుకొందువా అని మాత్రమే అడుగును. మచిలీపట్నపు నేతగాని మునిమనుమడు ఒకనాడు యార్కులో చదువుకొని, అచటనే పెండ్లి చేసికొనదలచినచో, ఆ వాసములక్రింద మంగళవాద్యము మ్రోగుటకు అడ్డులేదు. గుత్తహక్కును కాపాడుటకు కట్టిన ఇల్లు గుత్తహక్కు పోయిన తరువాత ఎల్లరి ఇల్లయినది. ధనమనెడి గడప మిగిలినదన్న మాట నిజమే. ఆ గడపను తగ్గించుట ఆ సంఘములు తమ ధర్మకార్యములతో చేయవలసిన పని. ఆ వచ్చిన అద్దెలో ఒక పాలు క్రింది అంతస్తు జ్ఞాపకమునకు చెల్లినపుడే ఆ లెక్క సరిపడును.

మన ఊళ్ళలో పాత సత్రములు, చావళ్ళు, టౌనుహాళ్ళు ఎన్నియో ఉన్నవి. కొన్నింటి తలుపులకు తుప్పుపట్టిన తాళములు వ్రేలాడుచున్నవి. వ్యాజ్యములలో చిక్కి కొన్ని, వారసుల తగవులలో చిక్కి కొన్ని, ఎవరికిని పట్టక కొన్ని శిథిలమగుచున్నవి. వానిని కొత్త కాంక్రీటు మండపములకొరకు పడగొట్టుట సులభము. వాని కప్పు సరిచేసి, మరల జనమును పిలుచుట కష్టము. జనము కూడని చావడిని ఎంత పూజించినను అది నిలువదు. చీపురు తగులని నేలపై చెద తానే కాపురము పెట్టును.

ఈసారి మీ ఇంట శుభకార్యమునకు మండపము వెదకబోయినపుడు, గుమాస్తా పుస్తకము తెరచుచుండగా ఒక్కమారు తలయెత్తి ఆ గోడమీది శిలాఫలకమును చదువుడు. ఎవరు కట్టించిరో, ఏ సంవత్సరమున కట్టించిరో, ఎవరికొరకు కట్టించిరో అందులో ఉండును. భట్టిప్రోలు నిగమమువారు తమ పేర్లను రాతి కరండముపై చెక్కించినది అట్లు చదువుదురనియే గదా! ఆ పేర్లు చదివి, బయానా చెల్లించి, రసీదు జేబులో పెట్టుకొని ఇంటికి రండు. ఆ రసీదుతో ఆ చావడి ఆయువునకు మరియొక దినము మీరు చేర్చినవారగుదురు.